భాకరాపేట ఘాటు ఎక్కిన రోజు

మా ఆయనకు పక్షవాతం వచ్చాక మా కారు ఏడాదికి పైగా కవరు కప్పుకొని ఇంటి ముందే నిలబడిపోయింది. తిరుపతి కొర్లగుంటలో మా సందు ఇరుకు. కారు పక్క నుంచి స్కూటరు పోవాలంటే అద్దం మడవాలి. ఇరుగుపొరుగు ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉండేది.

ఆయన నాకు మేనమామ కొడుకు. చిన్నప్పటి నుంచి బావా అని పిలిచేదాన్ని. పెళ్లయ్యాక కూడా ఆ పిలుపు మారలేదు. ఇరవై ఏళ్లకు పైగా టూరిస్టు కారు నడిపాడు. కొండ మీద దర్శనం చేసుకొని దిగినవాళ్లను కాణిపాకం, శ్రీకాళహస్తి, చంద్రగిరి కోట, తలకోన తిప్పి చూపించి మళ్లీ రైలెక్కించడం ఆయన పని. మొదట వేరేవాళ్ల బండి, తరువాత సొంత బండి. రోజూ తెల్లవారగానే కారు కడిగేవాడు. అలా కడుగుతూ ఉండగానే ఒకరోజు నీళ్ల గొట్టం కుడిచేతిలోంచి జారిపోయింది. వంగి తీసుకోబోయి బురదలో కూలబడ్డాడు. నేను వంటింట్లోంచి పరుగెత్తి వచ్చేసరికి నోరు ఒక పక్కకు పోయింది, నన్ను పిలవాలని చూస్తున్నాడు గానీ మాట రావడం లేదు.

మాట కొన్ని వారాలకు తిరిగి వచ్చింది. కుడికాలు కొంతవరకు వచ్చింది, ఈడుస్తూ చేతికర్రతో నడుస్తాడు. కుడిచెయ్యి మాత్రం వేళ్లు ముడుచుకొనే ఉండిపోయింది. అది చూసుకొని ఒకరోజు "బండి అమ్మేద్దాం. నిలబెట్టి పెట్టుకుంటే తుప్పు పడతాది" అన్నాడు.

మా అమ్మాయి శ్రీ సిటీలో ఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, అక్కడే హాస్టల్లో ఉంటుంది. ఈ మాట విని ఫోనులో నవ్వుతూ "అమ్మేది యాల? అమ్మ నేర్చుకుంటాది లే నాయనా" అంది. తమాషాకే అన్నదేమో. నేను మాత్రం ఆ రాత్రి పడుకొని అదే ఆలోచించాను. అప్పటిదాకా నాకు తెలిసిన యంత్రం కుట్టుమిషను ఒక్కటే. బ్లౌజులు కుట్టేదాన్ని. మిషను తొక్కే కాలు క్లచ్చి తొక్కలేదా అనిపించింది.

డ్రైవింగు స్కూల్లో చేరుతున్నానని చెబితే బావ వద్దనలేదు. సరే అని కూడా అనలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాతో నేర్చుకునేవాళ్లంతా కాలేజీ ఆడపిల్లలు. నన్ను ఆంటీ అని ముందు కూర్చోబెట్టేవాళ్లు. నేను క్లచ్చి తప్పి బండి ఆపేసినప్పుడల్లా వెనక సీట్లో నవ్వు వినిపించేది. అందులో ఎగతాళి లేదు, వాళ్లూ ఆపేసేవాళ్లే. లైసెన్సు వచ్చిన రోజు దాన్ని బావ మంచం పక్కన పెట్టాను. తీసి చూశాడు. "ఫొటోలో భయపడినట్టు ఉండావు" అని మళ్లీ అక్కడే పెట్టాడు.

మెకానిక్కును పిలిపించి కొత్త బ్యాటరీ వేయించాను. మార్కెట్టుకు, గుడికి, బట్టల కొట్టుకు పోయివచ్చేదాన్ని. బావ మాత్రం ఫిజియోథెరపీకి ఆటోలోనే పోయేవాడు. కారు ఎక్కమంటే "ఆటో సులువు" అనేవాడు. సులువు కాదని ఇద్దరికీ తెలుసు. ఆటో ఎక్కేటప్పుడు ఆయన్ను నడుము పట్టుకొని లేపాలి.

ఆయన్ను కదిలించింది వాళ్లక్క. భాకరాపేట దాటి లోపలికి పోతే ఒక పల్లెలో ఉంటుంది మా వదిన. వాళ్లమ్మ త్వరగా పోతే తమ్ముణ్ణి తనే ఎత్తుకొని పెంచింది. ఇప్పుడు రెండు మోకాళ్లూ పాడై ఇల్లు కదలలేదు. ఆయనకు ఒళ్లు బాగలేకుండా అయినప్పటి నుంచి రోజూ సాయంత్రం ఫోను చేసి "ఒక్కసారి మొగం సూపించి పోరా నాయనా" అని అడిగేది. బస్సు మెట్లెక్కలేడు. పదిమందిలో తనను ఎత్తి ఎక్కించడం ఆయనకు చావుతో సమానం. కార్తీక మాసంలో ఒక సాయంత్రం ఫోను పెట్టేసి, నా వైపు చూడకుండా అడిగాడు.

"రేపు అక్క దెగ్గిరికి పోదామా? నిదానంగా తోలతావా?"

"తోలతా బావా."

"ఘాటు రోడ్డు ఉండాది."

"ఉండాదని తెలుసు."

పొద్దున్నే స్నానం చేయించి, తెల్లచొక్కా తొడిగాను. ఆయన డ్యూటీకి వేసుకునే చొక్కా అది. గడప దిగి కర్ర ఊనుకుంటూ పోయి, కుడివైపు తలుపు దగ్గర నిలబడ్డాడు. పిడి మీద చెయ్యి కూడా వేశాడు. అప్పుడు ఆయనకు గుర్తొచ్చింది. నేను తాళాలు వెతుకుతున్నట్టు సంచిలోకి చూశాను. బానెట్టు పట్టుకొని నెమ్మదిగా చుట్టూ తిరిగి ఎడమవైపుకు పోయాడు. కూర్చొని, కుడికాలిని ఎడమచేత్తో ఎత్తి లోపల పెట్టుకున్నాడు. సాయం చేయబోతే వద్దన్నాడు.

ఊరు దాటాం. రాత్రి వాన పడింది. కుడివైపు శేషాచలం కొండలు నడుము దాకా మబ్బులో ఉన్నాయి, మబ్బు పైన మళ్లీ రాయి కనిపిస్తోంది. చంద్రగిరి దారిలో వరి పచ్చగా నిలబడి ఉంది. అక్కడక్కడా పొలాల మధ్య రాజుల కాలం నాటి రాతి మంటపాలు. పక్కన మనుషులెవరూ లేరు, రాత్రి వానకు తలదాచుకున్న మేకలు వాటిలోనే ఇంకా నిలబడి ఉన్నాయి. నేను ఇరవై ఏళ్లు తిరుపతిలో ఉండి కూడా ఈ దారిని సరిగ్గా చూసింది లేదు. ఎప్పుడు వచ్చినా బస్సులో నిలబడి వచ్చేదాన్ని. ఆ రోజు కూడా చూడకూడదు, కళ్లు రోడ్డు మీదే ఉండాలి. అయినా చూశాను.

"ఇండికేటరు" అన్నాడు బావ. దారిలో ఆయన మొదటి మాట అది. కాసేపటికి "సెకండుకు దించు", "ఆ ఆటోవాడు తిరగతాడు సూడు". నేను చెప్పినట్టు చేస్తూ పోయాను. చంద్రగిరి రాగానే ఆయనే అన్నాడు.

"కోట కాడ ఆపు. కాలు తిమ్మిరెక్కింది."

పాత కోటగోడ మధ్యలోంచే దారి. పెద్ద పెద్ద రాళ్లు, సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చినవి. దాటి లోపలికి పోతే ఎదురుగా బోడికొండ, దాని కింద రాజమహలు. టూరిస్టు బండ్లు ఆపే చోట చెట్టు నీడలో ఆపాను. అక్కడ జామకాయలు, మజ్జిగ అమ్ముకునే ఒకామె ఉంది, మా వయసే. బండి నంబరు గుర్తుపట్టి నవ్వుకుంటూ లేచి వచ్చింది. కుడివైపు అద్దంలోకి వంగి నన్ను చూసి ఆగిపోయింది. తరువాత అవతల సీటు చూసింది.

"ఏమన్నా, ఈపక్క కూసోనుండావే?"

ఆ మాట అంత సూటిగా అంతవరకు ఎవరూ అడగలేదు. బంధువులంతా డొంకతిరుగుడుగానే పలకరించారు. బావ ముడుచుకున్న చేతిని ఒడిలోంచి తీసి పైకెత్తి చూపించాడు.

ఆమె ముఖం మారింది. కానీ ఏడవలేదు, అయ్యో అనలేదు. "పచ్చవాతమా? మా నాయనకూ వచ్చింది. కాలు చెయ్యి ఆడించతా ఉండాల, ఊరికే కూసోకూడదు" అంది. తరువాత నా వైపు తిరిగింది. "నువ్వా మే తోలుకోనొచ్చింది?"

"నేనే."

"తిరుప్తి నించి?"

"ఆ. ఘాటెక్కి భాకరాపేటకు పోవాల."

"మా తల్లే" అని రెండు జామకాయలు కోసి, ఉప్పుకారం చల్లి ఇచ్చింది. డబ్బు తీసుకోలేదు.

బావ కారు దిగి కాలు చాచుకొని నిలబడి మహలు వైపు చూస్తున్నాడు. నేను అడిగాను, లోపల ఏముందని.

"నాకేం తెలుసు? ఈడికి ఎన్నిసార్లు వచ్చినానో లెక్కే లేదు. జనాన్ని దించేది, ఈ చెట్టు కింద సీటు వాల్చి పండుకునేది. వాళ్లొచ్చినాక లేచేది. డ్రైవర్లకు లోపలేం పని?"

జామకాయలామె వింటూనే ఉంది. "ఈ పొద్దు నువ్వు డ్రైవరు కాదు గదన్నా. పో. పెండ్లాంతో పోయి సూసి రా. బండి నేను సూసుకుంటా" అంది.

ఆ మాటకు బావ ఏమైపోతాడో అని నాకు భయమేసింది. నువ్వు డ్రైవరు కాదు అని ఆయన ముఖం మీద చెప్పడం ఎవరికి చేతనవుతుంది? ఆయన ఒకసారి ఆమెను, ఒకసారి మహలును చూశాడు. చివరకు "సరే పా" అన్నాడు నాతో.

తోటలో గడ్డి తడిగా ఉంది. దగ్గరికి పోతుంటే మహలు పెద్దదవుతూ వచ్చింది. వరసగా వంపు గుమ్మాలు, పైన బురుజుల్లాంటి శిఖరాలు, ఇటుకతో సున్నంతో కట్టిన లావు గోడలు. విజయనగరం రాజులు చివరి రోజుల్లో ఇక్కడి నుంచే ఏలారని చిన్నప్పుడు బళ్లో చదివాను. లోపల చల్లగా ఉంది. వరసగా పెట్టిన రాతి విగ్రహాలను బావ ఒక్కొక్కటే ఆగి చూశాడు. చెయ్యి విరిగిన ఒక విగ్రహం దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడ్డాడు.

పైకి పోయే మెట్ల దగ్గర ఆగాడు. ఇరుకు మెట్లు, ఎత్తుగా ఉన్నాయి. ఇంట్లో మా గుమ్మం ముందు రెండు మెట్లు దిగడానికే ఆయన సణుగుతాడు.

"వద్దులే బావా. కిందనే సూసినాం గదా."

"జనాలంతా పైనుంచే ఫొటోలు దిగతారు. నాకు తెలుసు. ఫొటోలు నాకు సూపించినారు."

కర్ర నా చేతికిచ్చి ఎడమచేతిని గోడకు ఆనించాడు. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు చెడ్డకాలు ముందు అని ఫిజియోథెరపీ అమ్మాయి ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు. ఆ రోజు పెదవులు కదుపుతూ తనకు తనే చెప్పుకుంటున్నాడు, మంచికాలు, మంచికాలు అని. నేను వెనక రెండు చేతులూ చాచి నిలబడ్డాను. పడితే నేను ఆపగలనా? ఇద్దరం కలిసి పడతాం. మధ్యలో ఒకచోట ఆగి రొప్పుతుంటే కింది నుంచి వస్తున్న ఒక కుటుంబం కూడా తొందరపెట్టకుండా ఆగింది.

పైన కిటికీ దగ్గరికి చేరాక ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది. గాలి తగులుతోంది. ఎదురుగా బోడికొండ నల్లగా వాన నీళ్లు కారుతూ ఉంది. పక్కన రాణీమహలు. దూరంగా కోనేరులో నీళ్లు నిండుగా ఉన్నాయి, గోడలకు అవతల పొలాలు, వాటికి అవతల మళ్లీ కొండలు. మేము పోవాల్సిన దారి ఆ రెండు కొండల వరసల మధ్య సన్నగా కనిపించింది. ఆయన కింద మా కారును వెతికి చూపించాడు, చెట్టు కింద తెల్లగా చిన్నదిగా ఉంది. ఎప్పుడూ తను పడుకునే చోటును పైనుంచి చూడడం అదే మొదటిసారి.

"రాజులకు మోకాళ్ల నొప్పులుండవా మే? రోజూ ఈ మెట్లు ఎట్ల ఎక్కినారో" అన్నాడు.

నేను నవ్వేశాను. ఏడాది పైన అయింది ఆయన నవ్వించి. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటుంటే "గాలికి దుమ్ము పడిందిలే" అని తనే సర్దిచెప్పాడు.

దిగేటప్పుడు నేను ముందు నడిచాను. ఆయన ఎడమచెయ్యి నా భుజం మీద వేసి దిగాడు. భుజం నొప్పి రెండు రోజులు ఉండింది.

చంద్రగిరి దాటాక లోయ దగ్గరపడింది. రంగంపేట నుంచి రోడ్డు పక్కన అడవి మొదలైంది. సీతాఫలాల గంపలు పెట్టుకొని ఆడవాళ్లు వరసగా కూర్చొని ఉన్నారు. బావ ఇప్పుడు మాటల్లో పడ్డాడు. ఏ మలుపులో కోతులుంటాయి, ఎక్కడ పాత బావి ఉంది, ఒకసారి ఇక్కడే ఒక ముసలాయన కారు ఆపించి, వానలో నిలబడి కొండకు దణ్ణం పెట్టుకొని వస్తానంటే తను గొడుగు పట్టాడని. ఇరవై ఏళ్లలో ఈ కబుర్లు నాకెప్పుడూ చెప్పలేదు. ఇంటికి వచ్చేసరికి అలసిపోయి ఉండేవాడు. నాకు వినాలని ఉంది గానీ రోడ్డు ఎక్కుతోంది. ఎడమపక్క లోతు, కుడిపక్క రాయి. చేతులు స్టీరింగుకు అతుక్కుపోయాయి. మొదటి రెండు మలుపులు బాగానే ఎక్కాను.

తరువాతి మలుపులో ముందుపోయే బస్సు ఆగిపోయింది. పైన టమోటాల లారీ ఒకటి చెడిపోయి సగం రోడ్డు మూసేసింది. పైనుంచి వచ్చేవాళ్లను కొంతసేపు, కింది నుంచి పోయేవాళ్లను కొంతసేపు వదులుతున్నారు. నేను బ్రేకు మీద కాలు పెట్టి అలాగే ఉన్నాను. వెనక చూస్తే ఒక వ్యాను నా బంపరుకు ఆనుకున్నట్టే నిలబడి ఉంది.

బస్సు కదిలింది. నేను బ్రేకు వదిలి ఆక్సిలేటరు తొక్కేలోగా ఇంజను ఆగిపోయింది. కారు వెనక్కి జారడం మొదలైంది. వెనక వ్యానువాడు హారను కొట్టాడు. నా కాలు బ్రేకు కోసం వెతుకుతోంది, దొరకలేదు. ఆ క్షణంలో బావ హ్యాండుబ్రేకు పట్టుకోబోయాడు. అది ఆయనకు కుడిపక్క ఉంది. కుడిచెయ్యి ఎత్తాడు, వేళ్లు తెరుచుకోలేదు, పిడి మీద పడి జారిపోయింది. వెంటనే ఒళ్లంతా తిప్పి ఎడమచేత్తో పట్టి లాగాడు. కారు కుదుపుతో ఆగింది.

"బ్రేకు యాడుండాదో కూడా తెలీదా నీకు? సంపేస్తావా ఇద్దర్నీ!" అని అరిచాడు. అరిస్తే ఆయనకు మాట ముద్దగా వస్తుంది. "చెప్పినా నేను, ఘాటు నీతో కాదని!"

చెప్పలేదు. ఘాటు ఉందని మాత్రమే అన్నాడు. వెనక హారన్లు ఎక్కువయ్యాయి.

"అవును, నాతో కాదు. నువ్వే తోలు" అన్నాను.

అన్నాక తెలిసింది ఏమన్నానో. ఆయన ముందున్న అద్దంలోంచి చూస్తూ ఉండిపోయాడు. వ్యానువాడు దిగి వచ్చి నా అద్దం మీద తట్టాడు. తిట్టడానికి వచ్చాడనుకున్నాను. లోపలికి చూసి, బావ చెయ్యి చూసి, "నిదానంగా తీయక్కా. నేను వెనక్కి పోతాలే, సందు ఇస్తా" అని పోయాడు. నిజంగానే వ్యానును కొంచెం వెనక్కి తీశాడు.

బావ ఊపిరి పీల్చుకున్నాడు. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు మామూలుగా ఉంది.

"దీన్ని నేను పట్టుకోనుంటా. ఎడంచేత్తో గట్టిగానే పట్టగలను. నువ్వు బ్రేకు సంగతి మరిసిపో. రెండు కాళ్లూ కిందనే పెట్టుకో, క్లచ్చీ, ఆక్సిలేటరూ. బండి స్టార్టు చెయ్యి."

చేశాను.

"ఫస్టు గేరు. ఆ. ఇప్పుడు ఆక్సిలేటరు కొంచెం తొక్కు, సద్దు వినపడాల. క్లచ్చి నిదానంగా ఇడువు. బండి ముక్కు పైకి లేస్తాది. లేసినప్పుడు చెప్పు, నేను ఇడస్తా."

కారు కింద ఏదో బిగుసుకున్నట్టు అనిపించింది. బానెట్టు నిజంగానే కొంచెం లేచింది.

"లేసింది బావా."

"ఇడస్తాండా. భయపడొద్దు."

కారు వెనక్కి జారలేదు. ఒక్క అంగుళం కూడా. ముందుకే కదిలింది. లారీని దాటేటప్పుడు దాని డ్రైవరు రోడ్డు మీద కూర్చొని, నలిగిన టమోటాల మధ్య జాకీ తిప్పుతూ మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. ఘాటు పైకి చేరాం. పైన రోడ్డు వెడల్పయిన చోట పక్కకు ఆపాను.

"నువ్వే తోలు అన్నందుకు కోపమా?" అన్నాను.

"కోపమేముండాది. తోలినా గదా, సగం" అన్నాడు.

సీసాలో నీళ్లు తాగాం. కింద లోయ అంతా వెలుతురు పడి ఉంది. మబ్బు తొలగిపోయి, మేము వచ్చిన దారి అడవి మధ్యలో మెలికలు తిరుగుతూ కనిపిస్తోంది. నేను ఎక్కిన దారా ఇది అని మళ్లీ మళ్లీ చూశాను.

వదిన ఇంటి ముందు కారు ఆగేసరికి ఆమె గోడ పట్టుకొని వాకిట్లోకి వచ్చింది. దారంతా బావకు ఇదే దిగులు, అక్క తనను చూసి గుండెలు బాదుకుంటుందేమోనని. ఆమె ముందుగా చూసింది తమ్ముణ్ణి కాదు. కుడివైపు తలుపు తీసుకొని దిగిన నన్ను చూసి, నా వెనక ఇంకెవరో దిగుతారన్నట్టు తల వంచి చూసింది.

"డ్రైవరేడి మే?"

"నేనే వదినా."

"నువ్వే అంటే? ఆ కొండెక్కినావా?"

"అక్కా, బాగానే ఎక్కించింది" అన్నాడు బావ అటుపక్క నుంచి, కర్ర ఊనుకొని లేస్తూ. ఆ మాట నేను విన్నాను.

అప్పుడు ఆమె తమ్ముణ్ణి చూసింది. దగ్గరికి పోయి ముడుచుకున్న చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకొని, ఒక్కొక్క వేలూ విప్పుతూ ఉండిపోయింది. ఏడ్చింది, కానీ మెల్లగా. తరువాత ముఖం తుడుచుకొని "సంగటి సల్లగా అయిపోతాది, రాండి" అంది. రాగి సంగటి, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి, వంకాయ పులుసు. బావ ఎడమచేత్తో తినడం మొదటిసారి చూసినా ఆమె చూపు తిప్పుకోలేదు. ముద్ద పెద్దదయితే విడగొట్టి ఇచ్చింది, చిన్నప్పుడు పెట్టినట్టే కాబోలు.

భోజనాలయ్యాక వదిన కారు పట్టుకొని చుట్టూ తిరిగి చూసి "నన్ను గూడా ఒక సుట్టు తిప్పుమే. ముందర సీట్లో కూసుంటా" అంది. ముందు సీటు ఆమెకిచ్చి బావ వెనక కూర్చున్నాడు. ఊరి చివర చెరువు కట్ట, అది దాటాక పాళెగాళ్ల కాలం నాటి బురుజు ఒకటి ఉంది. సగం కూలి, మీద ముళ్ల చిల్లచెట్లు మొలిచి ఉంది. అక్కడ ఆపమంది.

"వీడు బళ్లోకి పోకుండా ఈడనే ఎక్కి కూసునేవాడు. నేను యెతుక్కోనొస్తే, మద్దేన్నం బస్సు కొండెక్కి వచ్చేది సూసి వస్తా అంటాడు. బస్సు వచ్చినాక గానీ దిగడు. అప్పుడే అనుకున్నా, వీడికి చదువు రాదు, బండి తోలతాడని."

"బస్సు కాదక్కా, డ్రైవర్ని సూసేది. ఆయన తలగుడ్డ కట్టుకోనుండేది" అన్నాడు బావ వెనక నుంచి. అద్దంలో చూశాను. కిటికీలోంచి తల బయటపెట్టి బురుజు వైపు చూస్తున్నాడు. ముఖంలో బాధ లేదు. నేనెప్పుడూ చూడని ఆ డ్రైవరు గురించి, ఆయన తలగుడ్డ రంగు గురించి అక్కా తమ్ముళ్లు తిరిగి ఇంటికి చేరేదాకా వాదించుకున్నారు.

చీకటి పడకముందే ఘాటు దిగేశాం. వదిన కట్టిచ్చిన చెనక్కాయల మూట బావ ఒడిలో ఉంది.

మరునాటి నుంచి ఫిజియోథెరపీకి కారులోనే వచ్చాడు. కొన్ని నెలల తరువాత పాత పరిచయస్థులు ఫోను చేసి బండి ఉందా అని అడిగితే లేదనడం మానేశాడు. మొదట ఊళ్లో చిన్న చిన్న ప్రయాణాలు, తరువాత కాణిపాకం, శ్రీకాళహస్తి. ఆడవాళ్లు మాత్రమే పోయే ప్రయాణాలకు నన్నే అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఫోను ఆయనే ఎత్తుతాడు. ఏ దారిన పోవాలి, ఎక్కడ భోజనం బాగుంటుంది, ఏ గుడి ఎప్పుడు మూస్తారు, అన్నీ చెప్పి పంపిస్తాడు. ఎదుటివాళ్లు డ్రైవరు ఎవరని అడిగితే మొదట్లో తడబడేవాడు. ఇప్పుడు "మా ఇంటామె" అంటాడు. అవతల మౌనం వస్తే "ఆలోచించుకొని చెప్పండి, తొందరేం లేదు" అని పెట్టేస్తాడు. చాలామంది మళ్లీ చేస్తారు.

కుడిచేతి వేళ్లు ఇప్పుడు కొంచెం విచ్చుకుంటున్నాయి. గ్లాసు పట్టలేడు గానీ గుడ్డ పట్టగలడు. పొద్దున నేను నీళ్లు కొడుతుంటే, బావ స్టూలు వేసుకొని కూర్చొని కారు తలుపులు తుడుస్తాడు. అక్కడ బురద పోలేదు, ఇక్కడ కొట్టు అని నన్ను విసిగిస్తూనే ఉంటాడు. ఈ ఆదివారం తలకోనకు పోవాలి, వాన పడితే జలపాతం బాగుంటుందని నిన్నటి నుంచి మబ్బు వైపే చూస్తున్నాడు.